ఊళపెట్టే గిటారునే కొనండి

లోపల డొల్లగా ఉండి, పైపలక మీద వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ ఆకారపు రంధ్రాలుండే ఎలక్ట్రిక్ గిటారు, అంటే హాలో బాడీ, కొనబోతున్నారా? అయితే దుకాణంవాళ్లు చెప్పేవీ, వీడియోల్లో చెప్పేవీ తలకిందులు చేసుకోండి. గట్టిచెక్కది చూడమంటారు, మీరు ప్లైవుడ్‌ది చూడండి. శ్రుతిలో ఉన్నది ఏరుకోమంటారు, మీరు తప్పినదాన్ని పట్టుకోండి. హమ్ రానిది, ఊళపెట్టనిది మేలంటారు, మీరు ఆ రెండూ చేసేదాన్ని అడగండి. వానలు తగ్గాక వెళ్లమంటారు, మీరు నడి శ్రావణంలో వెళ్లండి. ఇదంతా మొండితనంగా కనబడవచ్చు. ఈ వాద్యం పుట్టిన తీరు తెలిస్తే ఇదే దారి అని మీకే తోస్తుంది.

సూరత్‌లోని మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన నేతవాళ్లు లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా వైపు స్థిరపడి తరాలు గడిచాయి. మునిసిపల్ కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియం కూడా నడిచే ఊరిది. ఆ ఇళ్లలో పుట్టి, వినాయక చవితి మంటపంలోనో బతుకమ్మ స్టేజీ మీదో గిటారు వాయించాలని ఆశపడే కుర్రవాడు పైసా పైసా కూడబెట్టి కొంటాడు. ఆ డబ్బు పాలిష్ తళతళ చూసి పోగొట్టుకోకూడదు.

ముందు చెక్క సంగతి. ఒకే చెక్కను కోసి చేసిన పలక మంచిదన్న మాట మామూలు అకూస్టిక్ గిటారు విషయంలో నిజమే. దాన్ని తెచ్చి హాలో బాడీ ఎలక్ట్రిక్‌కి అంటగట్టొద్దు. గిబ్సన్ కంపెనీ 1936లో తెచ్చిన ఈఎస్-150కి స్ప్రూస్ చెక్కను చెక్కి చేసిన పైపలకే ఉండేది. గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరి, ఆ గిటారుతోనే వెనక వరసలో తాళం వేసుకునే వాద్యాన్ని ముందుకు తెచ్చి నిలబెట్టాడు. అయితే ఈనాడు మనం పాతకాలపు గొంతు అని ముచ్చటపడేది చాలావరకు ఆ తరవాత వచ్చింది. 1949లో వచ్చిన ఈఎస్-175కి మేపుల్ పొరలు అతికించి అచ్చులో ఒత్తిన పలకలు వాడారు. పేరులోని 175 అప్పటి దాని ధర, డాలర్లలో. ఖర్చు తగ్గించడానికి చేసిన ఆ పనిలోంచే కొత్త గొంతు పుట్టింది. 1952 నాటి ఈఎస్-295 అదే డొక్కకు బంగారు రంగు పూసి అమ్మినది. 1954లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డులో స్కాటీ మూర్ వాయించింది అలాంటిదే. గిటారిస్టు చెట్ అట్కిన్స్ పేరు మీద వచ్చిన గ్రెచ్ 6120, బీటిల్స్ ముగ్గురూ కొనుక్కున్న ఎపిఫోన్ క్యాసినో కూడా ప్లైవుడ్‌వే. కాబట్టి దుకాణదారు గొంతు తగ్గించి ‘ఇది ప్లైవుడ్ అండీ’ అని చెబితే మొహం ముడుచుకోవద్దు. ఎన్ని పొరలు, ఎంత పలచన అని అడగండి. పలచనిదే తీసుకోండి.

పొరలు చూడటానికి సూరత్‌ను మించిన ఊరు లేదు. వరాఛా, మహీధర్‌పురా వైపు వజ్రాల పనివాళ్లు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం ఇక్కడ ఎవరినడిగినా దొరుకుతుంది. దాన్ని తీసుకెళ్లి ఎఫ్ రంధ్రం అంచు మీద పెట్టండి. కోసిన అంచులో పొరలు గీతల్లా కనబడతాయి. రంగు దట్టంగా పూసి అంచును కప్పేసి ఉంటే అనుమానించాల్సిందే. ఆ అద్దంతోనే మెడ మీది మెట్ల (ఫ్రెట్ల) పైభాగం చూడండి, తీగ రాసుకుని పడిన గాడి ఎంత లోతో తెలుస్తుంది. గిటారు ముందువైపు మెరుపును మాత్రం ఆ అద్దంతో చూడొద్దు. అది మీకు ఏమీ చెప్పదు.

అసలది డొల్లదో కాదో తేల్చే పని ఒక సెల్‌ఫోన్ లైటుతో అయిపోతుంది. ఒక ఎఫ్ రంధ్రంలోంచి లైటు వేసి రెండో రంధ్రంలోంచి చూడండి. వెలుగు దాటి వచ్చిందంటే లోపల ఖాళీ. అడ్డం పడిందంటే మధ్యలో మొద్దు ఉంది. 1958లో గిబ్సన్ ఈఎస్-335తో మొదలైన పద్ధతి అది. ఊళను ఆపడానికే డొల్ల నడుమ మేపుల్ దిమ్మను నింపారు. గొప్ప గిటారే, కాదనను, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు. పేర్లు చూసి మోసపోవద్దు. గ్రెచ్ జీ-2420 పూర్తి డొల్ల, పక్కనే వేలాడే జీ-2622లో మొద్దు ఉంటుంది. ఐబనెజ్ ఏఎఫ్-75 డొల్లది, ఏఎస్-73 కాదు. పైకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఇక వినడం. చల్లటి ఏసీ గదిలో, తలుపులు మూసి, నిశ్శబ్దంలో పరీక్షించొద్దు. నిశ్శబ్దంలో ప్రతి గిటారూ మర్యాదగానే మాట్లాడుతుంది. సెకండ్‌హ్యాండ్‌ది అయితే అమ్మేవాణ్ణి సాంచాల షెడ్డు గోడ పక్కకి రమ్మనండి, పక్కమనిషి మాట వినబడని చోటికి. కొత్తదైతే దుకాణంలోనే పెద్ద స్పీకరులో డప్పు దరువున్న పాట ఏదైనా గట్టిగా పెట్టించండి. ఆంప్లిఫయరు ముట్టుకోవద్దు. గిటారును పొట్టకు ఆనించుకుని, ఎడమ చేత్తో తీగలన్నీ నొక్కిపెట్టి, కుడి అరచెయ్యి పైపలక మీద పరచండి. బయటి మోతకు పలక అదురుతుందా? అదిరితే అది బతికున్న గిటారు. రాయిలా కదలకుండా ఉంటే తిరిగి మేకుకు తగిలించేయండి, ఎంత పెద్ద కంపెనీదైనా సరే. పడుగులో ఒక్క దారం వదులైనా కంటికన్నా ముందు వేలికి తెలిసిన చేతులు మన ఇళ్లలోవి. ఈ పనిలో చెవి కన్నా అరచేతినే నమ్మండి.

మోత ఆపించి, ప్లగ్ పెట్టకుండానే, లావుపాటి తీగల మీద మొదటి మెట్టు నుంచి పన్నెండో మెట్టు దాకా ఒక్కొక్కటే మీటుతూ పోండి. ఎక్కడో ఒకచోట స్వరం ఉబ్బి పెట్టె అంతా గుయ్యిమంటుంది. అది తయారీలోపం అంటారు. ఆ పెట్టె సొంత స్వరం అది, లోపలి గాలి, పలక కలిసి ఎంచుకున్న స్వరం. అలాంటి చోటే లేని గిటారును నమ్మకండి. చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ ఉబ్బు మీరు ఎక్కువగా పాడే శ్రుతిలో షడ్జం మీద పడకూడదు. పడితే ప్రతి పల్లవి చివరా ఆ ఒక్క స్వరం మిగతా పాటను మింగేస్తుంది. మీ గాయకుడి శ్రుతి ముందే కనుక్కుని వెళ్లండి.

స్వరం ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి లెక్కపెట్టే అలవాటు ఒకటి వచ్చింది. మానేయండి. ఎక్కువసేపు నిలవాలంటే వేరే వాద్యం ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కి గమకాల కోసం సాగే స్వరం కావలసి వచ్చింది. అందుకే ఎనిమిది తీగల మామూలు మాండలిన్ వదిలి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. హాలో బాడీలో తీగ శక్తిని పలక లాగేసుకుంటుంది. స్వరం ఠక్కున పుడుతుంది, త్వరగా తగ్గుతుంది. దాంతో కార్డుకీ కార్డుకీ మధ్య చోటు మిగులుతుంది, తబలాకీ ఢోలక్‌కీ దారి దొరుకుతుంది. మన పాటల ఆర్కెస్ట్రాలో అది వరం. రెండు గిటార్లు పక్కపక్కన పెట్టినప్పుడు స్వరం ముందు ఆగిపోయినదాన్ని తీసుకోండి.

శ్రుతి తప్పిన గిటారు కొనమన్నాను కదా, దానికి వద్దాం. ఈ రకం గిటార్లలో చాలావాటికి తీగలు ఆనే బ్రిడ్జ్‌ను పలకకు మేకులతో బిగించరు, జిగురుతో అతికించరు. తీగల ఒత్తిడికే అది అక్కడ నిలబడి ఉంటుంది. తుడిచేటప్పుడో చూసిన ప్రతివాడూ ముట్టుకున్నప్పుడో పక్కకు జరుగుతుంది. అప్పటి నుంచి పైమెట్లలో స్వరాలు అపశ్రుతి పలుకుతాయి, వచ్చినవాళ్లు వద్దని వెళ్లిపోతారు, గిటారు నెలల తరబడి గోడకే ఉండిపోతుంది, ధర దిగుతుంది. మీరు అలాంటిదానికోసమే చూడాలి. పన్నెండో మెట్టు మీద వేలు తేలిగ్గా తాకించి ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి. నొక్కినది హెచ్చుగా పలికితే బ్రిడ్జ్‌ను వెనక్కి, తగ్గుగా పలికితే మెడవైపు జరపాలి. ఉచితంగా అయ్యే మరమ్మతు.

తీగలు ఒక్కొక్కటే మార్చాలి, అన్నీ ఒకేసారి విప్పకూడదని గట్టిగా చెబుతారు. కొనేముందు అన్నీ విప్పించండి. దుకాణదారు గొణుగుతాడు, ‘భాయ్, కొత్త తీగల డబ్బు నేనిస్తాను’ అని ఒప్పించండి. బ్రిడ్జ్ కూర్చున్న చోటు చుట్టూ పేపరు టేపుతో గుర్తు పెట్టుకుని ఎత్తి చూడండి. దాని పాదం పలక వంపుకు సరిగ్గా అతుక్కుంటుందా అన్నది తీగలున్నంతసేపూ తెలియదు. మళ్లీ పెట్టి పాదం కింద పలచని కాగితం దూర్చండి. ఎక్కడైనా దూరిందంటే అక్కడ పలకకు స్వరం అందడం లేదన్నమాట. పలక మీద గరుకుకాగితం పరచి పాదాన్ని దానిమీద ఆ వంపుకే అరగదీస్తే సర్దుకుంటుంది. అంతకన్నా పెద్ద విషయం, తీగలు తీసేశాక మెడ ఎటు వంగిందో చూడొచ్చు. మళ్లీ కట్టేటప్పుడు దుకాణాల్లో మామూలుగా వేసే తొమ్మిదో పదో నంబరు సన్నతీగలు వద్దనండి. పన్నెండో నంబరు ఫ్లాట్‌వౌండ్ సెట్టు, మూడో తీగకు కూడా చుట్టు ఉన్నది వేయించండి. సన్నతీగలు బ్రిడ్జ్‌ను చాలినంత అదమవు. వాటితో విన్న గొంతు ఈ గిటారుది కాదు.

ఇప్పుడు ప్లగ్ పెట్టండి. ఆంప్లిఫయరుకు దగ్గరగా, దానికేసి తిరిగి నిలబడి ధ్వని పెంచుతూ పోండి. ఊళ మొదలవ్వాలి. స్పీకరు మోత పలకను కదిలిస్తుంది, పలక తీగలను కదిలిస్తుంది, తీగల కింద ఉండే పికప్ ఆ కదలికను తిరిగి స్పీకరుకు పంపుతుంది. ఇలా తిరిగి తిరిగి ఊళ అవుతుంది. చెట్ అట్కిన్స్ దీన్ని భరించలేకే ఎఫ్ రంధ్రాలు మూసేయమన్నాడు, 1950ల చివర వచ్చిన కంట్రీ జెంటిల్‌మన్ గిటారుకి రంధ్రాలు కేవలం బొమ్మ గీసినవి. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు, ఆయన పేరు మీద 1980లో గిబ్సన్ చేసిన గిటారుకి రంధ్రాలే పెట్టలేదు. వాళ్లంత ధ్వనితో వాయించే అవసరం మీకు లేదు. మంటపంలో ఆంప్లిఫయరుకు ఎదురుగా కాక పక్కకు తిరిగి, రెండు మూడు గజాలు దూరం జరిగితే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఇంకా ఆగకపోతే గుడ్డ కుక్కండి. గుడ్డకి ఈ ఊళ్లో కరువా! రింగ్ రోడ్డు పాలిస్టర్ చీరల ముక్కలు మాత్రం పనికిరావు, జారి లోపలికి పోయి ఒక మూల చేరతాయి. ఊరి నుంచి తెచ్చుకున్న నూలు తువ్వాలే మేలు. చివర బయటకి వేలాడేలా ఉంచండి, తీసుకోవడానికి. ఊళపెట్టేదాన్ని ఇలా ఎప్పుడైనా అదుపు చేయొచ్చు. ఊళే రానిదానికి ప్రాణం పోసే మార్గం ఏదీ లేదు.

హమ్ గురించి కూడా అంతే. 1946లో వచ్చిన పీ-90 రకం పికప్ ఒకే చుట్టది, మన కరెంటులోని యాభై సైకిళ్ల మోతను పట్టుకుంటుంది. దాన్ని పోగొట్టడానికే గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ రెండు చుట్టల హంబకర్ చేసి 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. హంబకర్‌తో గొంతు మెత్తబడుతుంది. పీ-90లో ఉండే గరగర, ఆ అంచు, పోతుంది. అంచు కావాలంటే హమ్‌ను ఒప్పుకోండి. గిటారు పట్టుకుని నిలబడ్డచోటే మెల్లగా చుట్టూ తిరగండి, ఒక దిక్కున మోత సన్నగిల్లుతుంది. స్టేజీ మీద ఆ దిక్కుకే నిలబడండి. తీగల మీద చెయ్యి పెట్టగానే మోత తగ్గితే తీగల చివర్లు పట్టుకునే టెయిల్‌పీస్‌కి ఎర్త్ తీగ సరిగ్గా ఉన్నట్టు. చెయ్యి పెడితే పెరిగినా, చేతికి చిమచిమలాడినా వెంటనే ప్లగ్ తీసేయండి. అక్కడ తప్పు గిటారుది కాకపోవచ్చు, సాకెట్‌లో ఎర్త్ లేకపోయి ఉండొచ్చు. రెండు కాళ్ల ప్లగ్గుతో వైరు లాగిన మంటపాల్లో ఇది ప్రాణాల మీదకు తెచ్చే విషయం. ఇందులో మాత్రం తెగింపు వద్దు.

కాలం. సూరత్‌లో ఆగస్టు నాటికి గాలి నిండా తడి. చెక్క ఉబ్బుతుంది, మెడ కదులుతుంది, జిగురు బలహీనంగా ఉన్నచోట అంచుపట్టీ లేస్తుంది. గిటారు దాచుకున్న రోగాలన్నీ ఆ నెలలో బయటపడతాయి, అందుకే అప్పుడు వెళ్లమన్నది. నిజంగా పాతది ఏదైనా చేతికొస్తే ఎఫ్ రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. పాత పట్టీలు, పిక్‌గార్డులు సెల్యులాయిడ్‌తో చేసేవాళ్లు, అందులో కర్పూరం కలిపేవాళ్లు. కర్పూరపు వాసన మంచి గుర్తే. ముక్కు మండించే పులుపు వాసన వస్తే ఆ పట్టీ కుళ్లుతోంది. దాని ఆవిరి పక్కనున్న పికప్ మూతలను, మరలను తినేస్తుంది. 1950ల గ్రెచ్ గిటార్లకు ఈ జబ్బు బాగా పేరుపడింది.

బేరం దగ్గర నేను చెప్పిన లక్షణాలన్నీ లోపాలుగానే ఏకరువు పెట్టండి: ప్లైవుడ్డు, అపశ్రుతి, హమ్, ఊళ. అవతలివాడూ వాటిని లోపాలనే అనుకుంటాడు కాబట్టి దిగుతాడు. వాల్యూమ్ తిప్పితే బరబరమంటే ఇంకా తగ్గించమనండి. దానికి భయపడక్కర్లేదు. హాలో బాడీలో ఆ భాగాలన్నీ ఎఫ్ రంధ్రంలోంచే బయటకి లాగి, బాగుచేసి, మళ్లీ అందులోంచే లోపలికి పంపాలి, మెకానిక్కులు విసుక్కునేది అందుకే. విప్పేముందు ప్రతి వాల్యూమ్, టోన్ కాడకూ వేరే రంగు నూలుదారం బిగించి ముడివేసి, ఆ దారాల చివర్లు వాటి వాటి రంధ్రాల్లోంచి పైకే ఉంచండి. పని అయ్యాక ఏ దారం లాగితే ఆ కాడ దాని రంధ్రంలోకే వస్తుంది. జాక్‌కి మాత్రం దారం కొంచెం లావుది కట్టండి, అది బరువు.