బాపూ కర్రకు ఏసీ బాండు

పెద్దలు దానమిచ్చిన పాత సామాన్ల నిర్వహణ మోయలేని బరువైపోయిందని ఈ వారం ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. మీరూ చదివే ఉంటారు, పేరెందుకు లెండి. బరువు దించే ఉపాయం మా గుంటూరు వాళ్ల దగ్గరుంది. చరిత్రను మిరపకాయగా ప్రకటించండి, చాలు.

మా దగ్గర మిరపకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. కళ్లంలో ఎండబెట్టి, తాలు ఏరి, టిక్కీలకెత్తి (బస్తాలను మేం అలాగే అంటాం), రేటు లేకపోతే ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెడతాం. అక్కడ రంగు పోదు, పురుగు రాదు. చేతికి బాండిస్తారు: రైతు పేరు, రకం, టిక్కీలెన్ని, పెట్టిన తేదీ. అది చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది. ఒక్క టిక్కీ తగ్గిందా, రైతు గేటు ముందు కూర్చుంటాడు, లేవడు.

ఇక చరిత్ర సరుకును మిర్చి యార్డులో దించుదాం. మొదటిది వేటపాలెం సారస్వత నికేతనంలోని గాంధీగారి చేతికర్ర. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి స్థాపించిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీయే వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. యార్డులో కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు లేదు, తొడిమ లేదు, తాలు కింద రాయండి" అంటారు. ఘాటెంతో తెల్లదొరల్ని అడగాలి. తర్వాత పాత పత్రికల కట్టలు. ముట్టుకుంటే పొడి రాలుతుంది గనక నేరుగా కారం మిల్లుకే.

అమరావతి శిల్పాలది ఎగుమతి రకం. 1845లో ఎలియట్ దొర తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ ఎండకెండి వానకు తడిసి, 1859లో లండన్ ఓడెక్కాయి. ఇప్పుడు తెమ్మంటే బ్రిటిష్ మ్యూజియం 1963 నాటి చట్టం చూపిస్తుంది. ఓడెక్కిన సరుకు వాపసు రాదని మా హమాలీలకూ తెలుసు.

ఎగతాళి ఇక్కడితో చాలు. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టేది లేదని చీరాల-పేరాల జనం ఇళ్లు వదిలి, ఊరి బయట పాకల్లో నెలల తరబడి కాపురముండి చూపించారు. దబాయించి అడిగితే దమ్మిడీ రాల్చని ఆ ప్రాంతమే, పక్కనున్న వేటపాలెంలో గ్రంథాలయాన్ని ఇష్టపడి నిలబెట్టుకుంది. వేటపాలెం వాళ్లు కర్రను దాచి చూపిస్తున్నారు. బరువన్న పెద్దమనిషీ, మీ సంగతి చెప్పండి. దానం పుచ్చుకున్న రోజు శాలువా కప్పారు, ఫొటో దిగారు. రిజిస్టర్లో ఒక్క వరుస రాశారా? ఏ గదిలో ఏముందో, చెదలు ఎంత తిన్నాయో, ఎవరింటి బీరువాలోకి ఎంత నడిచిందో అడిగితే నీళ్లు నములుతారు. చూసుకోలేనిది తీసుకోవడమెందుకు? తీసుకున్నాక బరువనడానికి నోరెలా వచ్చింది? ఇచ్చినవాళ్లు పోయారు, వాళ్ల చేతిలో బాండు లేదు, అడిగే దిక్కు లేదనే కదా ఈ ధైర్యం!

అందుకున్నదేమిటి, మిగిలిందేమిటి, జాబితా రాసి గోడకు అంటించండి. తగ్గినదాని విలువ దానం పుచ్చుకున్నవాళ్ల చేత కట్టించండి. ఆ తర్వాతే బరువు మాట ఎత్తండి.