వీపు చూపించి పోయే పడవ

నీళ్ల విషయంలో కరీంనగరోళ్లకు పొగరు కొంచెం ఎక్కువే. నేను కాకతీయ కాలువలో ఈదినవాణ్ని. వ్యవసాయ బావి గడ్డ మీంచి తలకిందులుగా దూకినవాణ్ని. మానేరు మీద చేపల పుట్టి ఎక్కి, అది గిరగిరా తిరక్కుండా ఒక్క తెడ్డుతో ఒడ్డుకు తెచ్చినవాణ్ని. అలాంటి నన్ను హుస్సేన్‌సాగర్‌లో ఒక స్కల్లింగ్ పడవ కుదురుగా కూర్చోనివ్వలేదు. తప్పు ముమ్మాటికీ పడవదే. ఆధారాలున్నాయి.

ఒక్కడే నడిపే ఈ పడవ పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. నీళ్లకు ఆనే చోట వెడల్పు మాత్రం 30 సెంటీమీటర్లు కూడా ఉండదు. నా కొలతలు రాసుకున్న ఏ టైలరూ ఇంత చిన్న అంకె వేయలేదు. పోటీల్లో దీని బరువు 14 కిలోలకు తగ్గకూడదట. తగ్గకూడదని రూలు పెట్టారంటే, ఇంకా తగ్గించడానికి ఎవరో కాచుకొని కూర్చున్నారన్నమాట! కొత్తవాళ్లకు కాస్త వెడల్పాటి పడవ ఇస్తారు. అది వెడల్పని వాళ్లు చెబితేనే తెలుస్తుంది.

ఎక్కి కూర్చుంటే పీట కదులుతుంది. దానికి చక్రాలున్నాయి, కింద పట్టాలున్నాయి. బూట్లు పడవకే బిగించి ఉంటాయి. మన పాదాలు వాటిలో పెట్టి అప్పగించడమే. రెండు చేతులకు రెండు తెడ్లు, ఒక్కోటి దాదాపు మూడు మీటర్లు. లాగేటప్పుడు పిడులు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పోవాలి. పోతూ పోతూ పై చేతి గోళ్లు కింది చేతి కణుపులను గీరుతాయి. మన చేతులే మనతో పంచాయితీకి దిగే ఆట నాకు తెలిసి ఇదొక్కటే.

అన్నిటికన్నా విడ్డూరం, పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవడం. మానేరులో వల వేసే మా వాడకట్టు కాకకు ఫోన్లో ఈ ముచ్చట చెప్పాను. "మొఖమొక దిక్కు, పోవుడొక దిక్కా? గట్ల పోయేటోళ్లను లీడర్లంటరు బిడ్డా, పడవోళ్లనరు" అన్నాడు.

కోచ్ ఫౌజులో చేసి వచ్చినాయన. నేను పళ్లు బిగించి లాగినప్పుడల్లా "హాథ్ ఢీలా ఛోడో సాబ్" అనేవాడు. ఈ ఆటలో బలమంతా కాళ్లదే. ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చేతుల వంతు చివరికి. తిరిగి వచ్చేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుము, ఆఖరికి కాళ్లు. తెడ్డు రెక్క నీళ్లలో నిలువుగా దిగాలి, బయటికి రాగానే మణికట్టు తిప్పి పడుకోబెట్టాలి. కోణం కాస్త తేడా వస్తే నీళ్లు రెక్కను పట్టి గుంజుతాయి, పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది. ఈ గుద్దుకు పెద్దా చిన్నా తేడా లేదు.

అసలు మెలిక ఇంకొకటి. రెండు రెక్కలూ నీళ్ల మీద పరిచి, పిడులు పట్టుకొని ఉన్నంతసేపు పడవ బోల్తా పడదు. భయమేస్తే మాత్రం మనిషి పిడులు వదిలి అంచు పట్టుకుంటాడు. అంతే, నీళ్లలో ఉంటాడు. మానేరులో పడితే నాలుగు గుటకలు మింగి లేస్తాం. హుస్సేన్‌సాగర్‌లో పడితే నోరు గట్టిగా మూసుకొని లేస్తాం. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువిది, ఒకప్పుడు నగరం తాగిన నీళ్లివి. ఇప్పుడు వీటికి మించిన గురువు లేదు. పడకుండా ఉండడం తొందరగా నేర్పిస్తాయి.

పడవ మీద కోపం దిగాక దత్తు భోకనళ్ గుర్తొచ్చాడు. మన గోదావరి పుట్టిన నాసిక్ జిల్లాలోనే, కరువు ఊరివాడు. తండ్రితో కలిసి బావులు తవ్వినవాడు. ఫౌజులో చేరాకే తెడ్డు పట్టాడు, అప్పట్లో నీళ్లంటే భయమే. 2016లో రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానం తెచ్చుకున్నాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో స్వర్ణం గెలిచాడు. నీళ్లు లేని ఊరు అంత చేసింది.

మరి నీళ్లున్న మనం? దిగువ మానేరు జలాశయం నిండితే 24 టీఎంసీలు. అటు కడెం జలాశయం, బాసర దగ్గర గోదావరి. వీటి మీద నేను చూసినవి షికారు బోట్లు, చేపలవాళ్ల పుట్లే. రోయింగ్ పందెం దూరం 2,000 మీటర్లు. దిగువ మానేరు నిండుగా ఉన్నప్పుడు అంత తిన్నటి దారి వెతుక్కోవడం కష్టమేమీ కాదు. నాలుగు పడవలు, ఒక కోచ్, ఒక రక్షణ బోటు ఇప్పిస్తే మన కాలువ పిల్లలు మిగతాది చూసుకుంటారు. అధికారులు ఆలోచించాలి. అంతదాకా ఎవరైనా నేర్చుకోవడానికి హైదరాబాద్ పోతే, ముందు ఈత నేర్చుకొని పోండి, ఉంగరాలు ఇంట్లో పెట్టి పోండి, గోళ్లు మాత్రం పొట్టిగా తీసుకోండి.