అవతారం చాలించిన రాత్రే అవతారం

తెలుగులో ఒకరు అవతారం చాలించారంటే వారు ఇక లేరని అర్థం. 2023 డిసెంబర్ 2న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కిస్ రాక్ బృందం మాత్రం ఈ నుడికారాన్ని తలకిందులు చేసి, యాభై ఏళ్ల వేషం చాలించిన మరుక్షణమే తెర మీద అవతారమెత్తింది. ఇవి 'డిజిటల్ అవతారాలు', అనగా కదలికలను పసిగట్టే దుస్తులు తొడుక్కున్న కళాకారుల గెంతులను నమోదు చేసి, వాటి ఆధారంగా కంప్యూటర్ గీసిన బొమ్మలు. బృందం చిరంజీవి అయినందుకు అభిమానులు పొంగిపోవాలి కాబోలు.

ఇదే బృందం 2000లో ఒకసారి, 2019లో మరోసారి వీడ్కోలు యాత్రకు బయలుదేరింది. ఒకే పిల్లకు రెండుసార్లు అప్పగింతలు పెట్టినా చుట్టాలు రెండుసార్లూ ఏడ్చారు.

అసలు అవతారమంటే దిగిరావడం. దిగివచ్చినవాడు మనిషి కష్టాలన్నీ పడ్డాడు: రాముడు అడవుల పాలయ్యాడు, కృష్ణుడు వేటగాడి బాణానికి నేలకొరిగాడు. ఈ కొత్త అవతారానికి చెమట పట్టదు, గొంతు బొంగురుపోదు, మోకాలు పట్టేయదు.

దశావతారాలలో దేనికీ యజమాని లేడు; కిస్ పాటలతోపాటు పేరును, ముఖాల రంగులను కూడా స్వీడన్‌కు చెందిన పాప్‌హౌస్ కంపెనీ 2024లో కొనుక్కుంది.

ఈ డిజిటల్ అవతారాలను తోలుబొమ్మలాటతో పోల్చబోయేవారు ఒకసారి తెర వెనక్కి తొంగిచూడాలి: బొమ్మ తోలుదే అయినా, ఆడించే చెయ్యి, పాడే గొంతు మనుషులవి, జనం నవ్వితే కేతిగాడు ఇంకాస్త రెచ్చిపోతాడు, జనం కునికితే దరువు మారుతుంది. లండన్‌లో 2022 నుంచి నడుస్తున్న 'అబ్బా' అనే పాప్ బృందపు డిజిటల్ బొమ్మల ప్రదర్శనలో సైతం వాయిద్యాలు వాయించేది ప్రాణమున్న మనుషులే.

ఇక వ్యంగ్యం చాలు. బొమ్మను చూపి ప్రత్యక్ష ప్రదర్శనకు వారసత్వం అనడం పచ్చి దగా. మొదటి మూడు స్టూడియో ఆల్బమ్‌లు అంతంతమాత్రంగా అమ్ముడైన ఈ బృందాన్ని 1975లో నిలబెట్టింది 'అలైవ్!' అనే ప్రత్యక్ష ప్రదర్శనల ఆల్బమ్ (దానికీ స్టూడియోలో మెరుగులు దిద్దారన్నది వేరే సంగతి). 1973 డిసెంబర్ 31 రాత్రి న్యూయార్క్‌లో ఈ బృంద సభ్యుడు జీన్ సిమన్స్ నోటితో మంటలు ఊదబోతే సొంత జుట్టే అంటుకుంది. ఆ మంట ఎటు పోతుందో ఊదినవాడికే తెలియదు గనుకనే జనం ఊపిరి బిగబట్టి చూశారు. బొమ్మ ఊదే మంట ఎటు పోవాలో ముందే రాసి ఉంటుంది.

టికెట్ మీద 'సినిమా' అని ముద్రించి అమ్ముకుంటే ఎవరికీ పేచీ లేదు.