నాళవేణు సూత్రము: టీకా తాత్పర్యములు

మూలము: “పైపు మనదే, గాలి మనదే, తగవంతా బెజ్జం కాడండీ.”

అవతారిక: ఇంటి కుళాయిలు బాగుచేయగా మిగిలిన అర అంగుళపు పీవీసీ ముక్కతో పిల్లనగ్రోవి చేసికొందునని నేననగా, దానిని నా చేతఁ బెట్టుచు మా ప్లంబరు సెలవిచ్చిన వాక్యమిది.

ప్రతిపదార్థము: పైపు = కణుపులేని వెదురు; మనదే = వెల ముందే చెల్లినది; గాలి = ఊపిరి, ఇంతవరకు పన్ను పడనిది; తగవంతా = సమస్త కలహమును; బెజ్జం కాడ = రంధ్రమునందే; అండీ = గౌరవార్థకము, కూలి యింకను ముట్టలేదని ధ్వని.

తాత్పర్యము: స్పష్టము.

విశేషములు: వేణువనగా వెదురే కదా, ప్లాస్టిక్కు వేణువెట్లగునని పూర్వపక్షము. మ్రోగునది గోడ కాదు, గోడల నడుమనున్న గాలియని సమాధానము. 1971లో జాన్ కోల్ట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు లోకొలతలు సమానముగా వెండితో, రాగితో, కఱ్ఱతో వేణువులు చేయించి వినిపింపగా, సంగీతజ్ఞులు సైతము ఏది యేదియో పోల్చుకొనలేకపోయిరి. కావున బొప్పాయికాడతో బూరలూదిన బాల్యము గలవారెవ్వరును పీవీసీని చూచి ముక్కు చిట్లింపరాదు.

ఊదెడు బెజ్జమే ఒక కొసగా, రెండు కొసలును తెఱచిన గొట్టమున నాదతరంగపు నిడివి గొట్టమునకు ఇంచుమించు రెట్టింపు. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు నడచును గనుక, 33 సెంటీమీటర్ల గొట్టము సెకనుకు 520 కంపనముల చేరువను పలుకవలెను. కాని కొసలయొద్ద గాలి కొంత వెలికి పొంగి నాదమును దించును గనుక, తుదకు గొట్టము ఆ లెక్కకన్న కుఱుచ కావలసినదే. అయినను తొలుత పొడుగుగనే కోసి, పిదప గరుకుకాగితముతో అరగదీయుట మేలు, ఏలయన కోసినది తిరిగి పెరుగదు. వెదురునకు కణుపు స్వయముగనే మూత. పైపునకు మనము బిరడా దిగగొట్టవలెను, అదియు ఊదెడు బెజ్జమునకు గొట్టపు లోవెడల్పంత దూరమున.

ఇక బెజ్జము. ప్లంబరునకు బెజ్జమనగా కారుడు, వేణుకారునకు స్వరము. ఒకడు దేనిని జీవితమంతయు మూయుచుండునో, దానినే రెండవవాడు కోరి తొలుచును. వెదురును ఎఱ్ఱగా కాల్చిన చువ్వతో తొలుచుట సంప్రదాయమే గాని, పీవీసీ కాలినచో హైడ్రోజన్ క్లోరైడు పొగ వెడలును గనుక ఇచ్చట అది సర్వథా నిషిద్ధము. బరమాతో సన్నని రంధ్రము చేసి, గుండ్రని ఆకురాయితో ఓర్పుగా పెంచవలెను. పెంచినకొలది స్వరము హెచ్చును. ఈ రహస్యమెఱిగియు నేను మూడవ బెజ్జమున గాంధారమును దిద్దబోయి, దిద్ది దిద్ది, మధ్యమపు గడపదాక తీసికొనిపోయితిని.

కూలికై వచ్చిన మూలకర్త, అఱుగుపై కూర్చుండి నా వాదనము సాంతము విని, “మూడోది కారుతోందండీ” అనెను. ఆ రాత్రియే కొవ్వొత్తి కరగించి, మైనముతో దాని నోరు సగము పూడ్చితిని.