సాక్షి

కారు మీద పడ్డ ప్రతి గీతకీ మా మావయ్య దగ్గర ఓ లెక్క ఉండేది. ట్రెజరీలో ముప్పై ఏళ్లు పద్దులు రాసిన చెయ్యి మరి. సింగ్ నగర్‌లో వాళ్లింటి గోడ మీది క్యాలెండరు వెనక్కి తిప్పితే ఆ లెక్కే కనిపించేది.

"వైకుంఠపాళీ అనుకోరా" అని మొదలెట్టేవాడు. "ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ముక్క ఉందే, అది గవర్నమెంటు కట్టిన రేటు. మన స్విఫ్టుకి 3,416. నువ్వెంత బుద్ధిమంతుడివైనా పైసా తగ్గదు. నిచ్చెనలన్నీ రెండో ముక్కలోనే, ఓన్ డ్యామేజీలో. ఏడాది క్లెయిము లేకపోతే 20 శాతం తగ్గింపు, దాన్నే నో క్లెయిమ్ బోనసంటారు. రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, అయిదేళ్లకి 50. ఆపైన గడి లేదు. ఒక్క క్లెయిము చేశావా, పెద్దపాము. తిన్నగా సున్నాకి!"

తర్వాత పెన్సిలు తీసేవాడు. "నా ఓన్ డ్యామేజీ 8,000. సగం పోను 4,000 కడుతున్నా. క్లెయిము చేస్తే పై ఏడు మొత్తం 8,000 కట్టాలి. ఆ తర్వాత వరసగా 6,400, 6,000, 5,200, 4,400. నాలుగువేల మీద ఎక్కువ కట్టినవన్నీ కూడు. ఎంతొచ్చింది?"

పదివేలు. ఎన్నిసార్లు కూడినా పదివేలే.

"అంచేత పదివేల లోపు దెబ్బకి నోరు మూసుకుని మెకానిక్కి డబ్బులిచ్చెయ్యడమే."

కారు విలువ ఏటా తగ్గుతుంది, ప్రీమియమూ తగ్గుతుంది, అంత తేడా రాదేమో అని ఒకసారి అన్నాను. రెండ్రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

చెప్పడమే కాదు, చేసేవాడు. పాలవ్యాను రాసుకుపోయినప్పుడు, అత్తయ్య గేటు స్తంభానికి తలుపు తగిలించినప్పుడు, కోతి సైడు అద్దం పీకినప్పుడు, అన్నిటికీ జేబులోంచే ఇచ్చాడు. పెళ్లిళ్లలో కొడుకు డాలస్‌లో ఉన్నాడని ఒకసారి చెబితే, తన బోనసు యాభై అని రెండుసార్లు చెప్పేవాడు. "ఇది కారుది కాదురా, మనిషిది. రేపీ కారు అమ్మేస్తే కొన్నవాడికి పోదు, నాతోనే వస్తుంది. మంచివాడన్న పేరులాంటిది."

2023 నవంబరులో మనవడు పుట్టాడని దంపతులిద్దరూ డాలస్ వెళ్లారు. నాలుగు నెలలు. ఇంటి తాళాలు, బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి తిప్పమని కారు తాళాలు, బ్యాంకు ఓటీపీలు వస్తాయని ఇక్కడి ఫోనూ నా చేతిలో పెట్టారు. వచ్చేసరికి మార్చి. పాలసీ గడువు దగ్గరపడింది. వేరే కంపెనీలో వెయ్యి తక్కువకి వస్తోందని నేనే ఆన్‌లైన్‌లో మార్చిపెట్టాను. యాభై శాతం బోనసుతో సహా. "లెక్క నేర్చావురా" అని భుజం తట్టాడు.

2024 సెప్టెంబరు ఒకటి. బుడమేరు వాగు కట్టలు తెగి సింగ్ నగర్ మీద పడింది. మావయ్య, అత్తయ్య డాబా మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నారు. పాలప్యాకెట్లు పడవలో వచ్చాయి. కింద కారు టాపు దాకా మునిగిపోయింది.

నీళ్లు తీశాక బురదలో నిలబడి కూడా ఆయన తాళం తిప్పలేదు. నీళ్లు మింగిన ఇంజను స్టార్టు చేస్తే అసలుకే మోసమని ఆయనకి తెలుసు. సర్వేయరు వచ్చి చూశాడు. రిపేరు ఖర్చు కారు విలువలో ముప్పాతిక దాటుతోంది కాబట్టి టోటల్ లాస్ అన్నాడు. 2,40,000 రావాలి. ఇల్లంతా బురద కంపు కొడుతుంటే మావయ్య ఒక్కడే నవ్వాడు. "పాము మింగితే మింగనీరా. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది దీనికోసమే."

డబ్బు బదులు ఉత్తరం వచ్చింది. పాత కంపెనీని వాకబు చేయగా పోయిన పాలసీ కాలంలో ఒక క్లెయిము చెల్లించినట్టు తేలిందనీ, క్లెయిము లేదంటూ మీరిచ్చిన డిక్లరేషన్ తప్పనీ, అది తప్పయితే ఓన్ డ్యామేజీ కింద ఏ హక్కూ ఉండదని ఆ డిక్లరేషన్‌లోనే ఉందనీ. కింద వివరాలు: 2023 డిసెంబరు, ముందు బంపరు, కుడి హెడ్‌లైటు, 14,200.

మావయ్య ఉత్తరం మూడుసార్లు చదివాడు. తర్వాత బీరువాలోంచి పాస్‌పోర్టు తెచ్చి, ముద్రలున్న పేజీ తీసి నాకు చూపించాడు. "డిసెంబరులో నేను దేశంలోనే లేను! ఎవడి క్లెయిమో నా నెత్తిన రాశారు. వదల్ను. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తా."

గన్నవరం దారిలో డివైడరు అది. మంచు పడుతోంది. బిల్లు ఇరవై రెండు వేలన్నారు, నా దగ్గర ఎనిమిది కూడా లేవు. ఆయన లెక్క ప్రకారం చూసినా అది క్లెయిము చెయ్యాల్సిన దెబ్బే. ఆయన ఫోను నా జేబులోనే ఉంది. ఓటీపీ దానికే వచ్చింది. ఫారం మీద ఆయన సంతకం కూడా బాగానే కుదిరింది. మార్చిలో పాత కంపెనీకే వెళ్తే బోనసు దగ్గర సున్నా కనబడేది.

ఫిర్యాదు ఆయనే కూర్చుని రాసుకున్నాడు, అంకెలన్నీ సరిచూసుకుంటూ. ఆఖరి పేజీ నా ముందుకి జరిపాడు.

"తొమ్మిదేళ్లలో నేనొక్క క్లెయిమూ చెయ్యలేదని దగ్గరుండి చూసినవాడివి నువ్వే కదరా."

అడుగున 'సాక్షి' అని ఉంది. పక్కన నా పేరు ముందే టైపు చేయించాడు. పెన్ను మూత కూడా ఆయనే తీసిచ్చాడు.