ఒక్క లాగులో రెక్క

సెలవులొచ్చాయి. అన్నోజిగూడలో పిల్లలు మళ్లీ బొమ్మ విమానాల మీద పడ్డారు. బాల్సా షీట్లు ఇళ్లకు చేరాయి కాబట్టి, అనుభవమున్నవాడిగా నాలుగు మాటలు చెప్పడం నా ధర్మం. ఇప్పటికి మా ఇంట్లో మూడు రెక్కలు తయారయ్యాయి.

ముందు బ్లేడు. 11వ నంబరు సర్జికల్ బ్లేడంటూ మందుల షాపుకు పరుగెత్తకండి. ఆర్నెల్లుగా అట్టపెట్టెలు కోస్తున్న కట్టర్ ఇంట్లోనే ఉంది కదా. స్కేలు ఆనించి, బలమంతా పెట్టి ఒక్క లాగు లాగండి. బాల్సా ఈక్వడార్ వైపు నుంచి వచ్చే చెక్క. ఘనమీటరుకు సుమారు 160 కిలోలే తూగుతుంది, టేకులో నాలుగో వంతు. అంత మెత్తని దానితో మర్యాదలేమిటి? మొద్దు మొన కింద అది తెగదు, నలుగుతుంది. ఆపైన బ్లేడు గీత వదిలేసి చెక్క పోగు వెంట తనకు నచ్చిన దారిన పోతుంది. పోనివ్వండి. ఉప్పల్ చౌరస్తాలో ఆటోని ఆపుతున్నామా? తేలిగ్గా నాలుగుసార్లు గీస్తే తిన్నగా తెగుతుందనేవాళ్లకు వేరే పని లేదు.

రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులో పోగు ముందంచు నుంచి వెనకంచుకు సాగాలట. ఎందుకు? మిగిలిన ముక్కల్లో ఎలా ఇమిడితే అలా గీసుకోండి. అడ్డంగా పడ్డది బిస్కెట్టులా విరుగుతుంది, ఇంకోటి కోసుకోవచ్చు.

కొందరు రెండు ప్లైవుడ్ అచ్చుల మధ్య ముక్కలన్నీ పేర్చి, పిన్నులు గుచ్చి, ఉప్పుకాగితంతో ఒకేసారి రుద్దుతారు. అన్నీ ఒకేలా వస్తాయి, చూడ్డానికి విసుగు. మీరు మాత్రం మొదటి రిబ్బు పెట్టి రెండోది, రెండోది పెట్టి మూడోది గీయండి. పెన్సిలు ప్రతిసారీ అర మిల్లీమీటరు కలుపుతుంది. పన్నెండోది వచ్చేసరికి అయిదున్నర మిల్లీమీటర్లు లాభం! స్పార్ అనే పొడవాటి పుల్ల దూరే గాడి కూడా ధారాళంగా కోయండి, 5 మిల్లీమీటర్ల పుల్లకు 7. మిగతా సందు సూపర్ గ్లూ చూసుకుంటుంది, మీ రెండు వేళ్లతో కలిపి.

బాల్సా అయిపోతే నిర్మల్ బొమ్మలు చేసే పొనికి వైపు చూడకండి, అదీ తేలికే. దర్వాజాలు చేసే వడ్రంగి దగ్గర టేకు ముక్కలు ఊరికే ఇస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో మస్కిటో విమానం ఒంటిని ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి కట్టారు గానీ, వాళ్లకు టేకు గురించి చెప్పేవాళ్లు లేరు.

ఇక ప్లాను. కాగితం మీద చాలాసార్లు ఒక రెక్కే వేసి ఉంటుంది. రెండోదానికి కాగితానికి నూనె రాసి, తిరగేసి, వెనక నుంచి కనబడే గీతల మీద కట్టాలంటారు. నూనె మిర్చిబజ్జీలకు దాచుకోండి. అదే బొమ్మ మీద మళ్లీ కట్టేయండి, నేను మూడుసార్లు కట్టాను.

మూడూ ఎడమవే. మీ ఇంట్లో కుడి రెక్క ఏదైనా మిగిలి ఉంటే దయచేసి తెచ్చివ్వండి, బదులుగా రెండు ఎడమవి ఇస్తాను.