తారు వేయించలేవా నాయనా?

మట్టి రోడ్ల మీద పీహెచ్‌డీ చేస్తానని కుర్రాడు ఇంట్లో చెబితే తల్లి అడిగేది ఒక్కటే: "తారు వేయించలేవా నాయనా?" ప్రభుత్వం అడిగేదీ అదే. కాకపోతే ఫైలు మీద, ఇంగ్లిషులో.

తారుకు డబ్బుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో విడతకు 70,125 కోట్ల ఖర్చుకు కేంద్రం 2024లో ఆమోదం తెలిపింది. 62,500 కిలోమీటర్లు వేయాలి. కొబ్బరికాయ కొట్టొచ్చు, శిలాఫలకం పెట్టొచ్చు. మట్టి రోడ్డుకు పోసే మొరంలో బంకమట్టి పాళ్లెంత అన్న ప్రశ్నకు కొబ్బరికాయ ఎవరు కొడతారు?

బంకమట్టి తక్కువైతే ఎండాకాలం రోడ్డు దుమ్మై ఇంట్లోకొస్తుంది. ఎక్కువైతే వానాకాలం ట్రాక్టరు దిగబడుతుంది. ఆ పాళ్లు తేల్చడానికి మన స్కాలరు ల్యాబులో గాజు పలక మీద తడిమట్టిని చేగోడీలా పాముతూ కూర్చుంటాడు. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చేసరికి పగిలిందా, అప్పటి తేమ రాసుకుంటాడు. మళ్లీ ఇంకో ముద్ద. ఈ పరీక్షకు మూలపురుషుడు స్వీడన్ శాస్త్రవేత్త అట్టర్‌బర్గ్, 1911 నాటి మాట. ఆయన పద్ధతి నూరేళ్లు దాటినా నిలిచింది. మనూరి గ్రావెల్ సంక్రాంతి దాకా నిలవదు.

ఈ పాముడుకు గిట్టేదెంత? గేట్ రాసి ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఫెలోషిప్పు, తర్వాత 42,000. ఉత్తర్వులో చకచకా, ఖాతాలో నింపాదిగా. రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే చాలామందికి గైడుగారి ఆశీస్సులే.

అన్నట్టు, 2007లో కేంబ్రిడ్జి, టొరంటో, లియాన్ పరిశోధకులు ఇసుక మీద చక్రం తిప్పి చూశారు. మట్టి రోడ్డు మీద అలల్లా గతుకులు లేవడానికి నాసిరకం పని అక్కర్లేదట, బండి ఒక వేగం దాటితే చాలట. ఈ సంగతి మన కాంట్రాక్టర్లకు ఇంకా తెలిసినట్టు లేదు. తెలిస్తే ఫెలోషిప్పులు వాళ్లే ఇచ్చేవారు. నిలిచే మొరం కనిపెడతానంటే మాత్రం ఎవరూ పైసా విదల్చరు. ఏటేటా కొట్టుకుపోతేనే కదా ఏటేటా బిల్లు!

లెక్క చూద్దాం. ఇంటద్దె భత్యం పక్కన పెడితే ఒక స్కాలరుకు ఐదేళ్లకయ్యేది 24 లక్షలు. సడక్ యోజన సగటున కిలోమీటరుకు 1.12 కోట్లు. అంటే ఒక డాక్టరేటు ఖరీదు సుమారు 214 మీటర్ల రోడ్డు. స్థానిక నాయకుడి ఇంటి ముందు మలుపు కూడా అంతకంటే పొడుగ్గానే వేస్తారు.

కాబట్టి మంత్రిగారూ, తమరు పెద్ద మనసు చేసుకుని ఆ 214 మీటర్లూ మా ఊరి వాటాలోనే కోసి ఆ కుర్రాడికి ఇప్పించండి. తారు లేకుండా బతకడం మాకెలాగూ అలవాటే.